నమూనాకు వేసిన రంగు

సభకు నమస్కారం.

ఈ కాగితం రాయకుండా ఉందామనే అనుకున్నాను. నా వయసువాళ్ళకి ఇప్పుడు వారానికో సంతాప సభ. ఎక్కడికి వెళ్ళినా అవే ఇనప కుర్చీలు, అదే గీపెట్టే మైకు, అవే మాటలు. "తీరని లోటు" అంటాం, "ఇక లేరంటే నమ్మలేకపోతున్నాం" అంటాం. అందరం నమ్ముతాం, నమ్మబట్టే ఇంత తయారై వచ్చాం. పేరు దగ్గర ఖాళీ వదిలి ఒక్క ప్రసంగం అచ్చు వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. పైగా నాకు వచ్చిన ఆహ్వానం అడుగున చిన్న అక్షరాల్లో ఒక మనవి ఉంది. "వక్తలు ఐదు నిమిషాలకు మించకుండా, వివాదాలకు తావివ్వకుండా మాట్లాడగలరు." ఇంట్లో పడుకుంటే రెండు కోరికలూ ఒకేసారి తీరతాయి కదా, పడుకుందామనుకున్నాను.

నిన్న పొద్దున్నే, ఈ సభ ఎవరి కోసమో ఆ అక్క మేనకోడలు ఫోన్ చేసింది. "పెదనాన్నా, హాలు దగ్గర్నుంచి మాట్లాడుతున్నా. బల్ల మీద ఫొటో పెట్టేశారు. నువ్వొకసారి వచ్చి చూడు" అంది. ఏమ్మా, ఏమైంది అంటే, "నువ్వు చూడు" అంది మళ్ళీ. వచ్చి చూశాను. ఇంటికి వెళ్ళి కాగితం, కలం తీశాను.

ఆ ఫొటో సంగతి చివర్లో చెబుతాను. అందాకా మీరు దాన్ని చూస్తూ ఉండండి. పూలదండ కొంచెం అడ్డం వచ్చింది గానీ ముఖం బాగానే కనిపిస్తోంది. బాగా చూడండి.

మిత్రులారా, మనం ఇక్కడ చేరింది ఒక మనిషి కోసం. ఎనభై మూడేళ్ళు బతికింది. ముప్పై ఏళ్ళు సినిమాల్లో పనిచేసింది. గుంపులో నిలబడింది. హీరోయిన్లకి డూపుగా గుర్రం మీంచి పడింది, మిద్దె మీంచి పడింది, కొండ మీంచి దూకింది. స్టూడియోలో ఆమెని సొంత పేరుతో పిలిచినవాళ్ళని ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందరూ "నమూనా" అనేవాళ్ళు. "నమూనా వచ్చిందా?" "నమూనాని పిలవండి." నేను అక్కా అనేవాణ్ణి. అలా అన్నందుకు నాకేదో మంచి మార్కు వేసేయకండి, నా వంతు కూడా వస్తుంది.

నేనెవరో తెలియనివాళ్ళకి చెబుతాను. ఫిల్ము కడిగే ల్యాబ్‌లో ప్రింటు తీసే ముందు ఏ షాటుకి ఎంత లైటు ఇవ్వాలో నంబర్లు వేసేవాణ్ణి. బడి చదువు ఎనిమిదో తరగతితో సరి. ఆ తర్వాత చదివిందంతా ప్రింటు ఆరేలోపు డబ్బాల మీద కూర్చుని చదివిందే. అందుకే నా చదువు అక్కడక్కడా తడిగా ఉంటుంది, క్షమించండి.

ఇక విషయానికి వస్తాను. మన పాత సినిమాల సంఘం వారు ఒక మంచి పని చేశారు. యాభై ఏడేళ్ళ నాటి సినిమా, నేను లైటు నంబర్లు వేసిన సినిమా, బూజు పట్టిన నెగెటివ్ సంపాదించి కడిగి తుడిచి కొత్తది చేశారు. వచ్చే శుక్రవారం ఈ హాల్లోనే వేస్తారు. వారికి చేతులెత్తి దండం పెడతాను. దండం పెట్టాక ఒక మాట అడుగుతాను. ఆ సినిమా మొదలయ్యే ముందు తెర మీద ఒక కార్డు వేస్తారట. దాని కాపీ నాకూ పంపారు, చదువుతాను వినండి. "ఈ చిత్రంలో కొండజాతి వారిని, నల్లని మేనివారిని చూపిన తీరును ఆనాటి కాలపు దృష్టితో చూడగలరు. నేటి కొలమానాలు దీనికి వర్తించవు. ఆ రోజుల్లో దీన్ని ఎవరూ తప్పుగా భావించలేదు."

ఎవరూ భావించలేదు.

అయ్యా, ఎవరూ అంటే ఎవరు? ఆ షూటింగులో రెండు వందల మంది ఉన్నారు. ఎవరిని అడిగి రాశారు? డైరెక్టరు గారిని అడిగారా? ఆయన పోయారు. హీరోని అడిగారా? ఆయనా పోయారు. మీరు కార్డు రాసేనాటికి అడగడానికి బతికున్న మనిషి ఒకామె ఈ హాలుకి నాలుగు వీధుల అవతల, మూడో అంతస్తులో, లిఫ్టు లేని ఇంట్లో ఉండేది. ఆమె మాత్రం ఈ లెక్కలోకి రాలేదు.

ఆమె లెక్కలోకి ఎలా వస్తుందో చెబుతాను.

ఆ సినిమాలో హీరోయిన్ వేషం కొండపిల్ల. కథ ప్రకారం కొండపిల్ల నల్లగా ఉండాలి. హీరోయినేమో ఎండలో నిలబడితే ఎర్రబడే మనిషి. నల్లని వేషానికి నల్లని మనిషిని పెట్టుకోవచ్చని ఎవరికీ తట్టలేదా అంటే, తట్టింది. తట్టిన మర్నిమిషమే నవ్వుకున్నారు. రంగు పూద్దాం అన్నారు. అక్కడ ఒక మేకప్ పెద్దాయన ఉండేవారు. గొప్ప పనివాడు. ఆయనకొక పట్టుదల. ఊహించి పని చెయ్యరు, ఎదురుగా వస్తువు ఉండాలి. ఒకసారి కాలిన మచ్చ వెయ్యాల్సి వచ్చి క్యాంటీను వంటమనిషి మోచెయ్యి పట్టుకొని అరగంట వదల్లేదు. అవతల పొయ్యి మీద పాలు పొంగి, మాడి, గిన్నె చిల్లుపడి, ఆ వంటమనిషికి అదే చేతి మీద రెండో మచ్చ కూడా పడింది. మేకప్ ఆయన దాన్ని చూసి "ఇది ఇంకా బాగుంది" అన్నారట. సరే, దారి తప్పాను.

ఆ పెద్దాయన అన్నారు, "నాకొక నల్ల చెయ్యి కావాలి." ప్రొడక్షన్ మేనేజరు గుంపు నటుల దగ్గరికి వెళ్ళి, వరసగా నిలబెట్టి, చేతులు చాపించి, బజార్లో వంకాయలు ఏరినట్టు ఏరాడు. అక్క చెయ్యి తేలింది.

ఇరవయ్యారేళ్ళ మనిషి. వాళ్ళ నాన్న నిజంగానే కొండ మీంచి దిగి వచ్చినవాడు, క్వారీలో రాళ్ళు పేల్చేవాడు. ఆమె నటించడానికి వచ్చింది. అద్దం ముందు నటించడం నేర్చుకుంది, చదవడం నేర్చుకుంది, గుర్రం ఎక్కడం నేర్చుకుంది. ఆమెని ఏం చేశారు? మేకప్ గదిలో చుట్టూ బల్బులున్న అద్దం పక్కన ఒక ముక్కాలి పీట వేశారు. తెల్ల తువ్వాలు పరిచారు. "ఎడమ చెయ్యి పెట్టు, కదపకు" అన్నారు. నలభై ఒక్క రోజులు పొద్దున్నే ఆ పీట మీద కూర్చుంది. పెద్దాయన పళ్ళెంలో రంగు కలపడం, ఈమె మణికట్టు పక్కన పెట్టి చూడడం, వెళ్ళి హీరోయిన్ చెంపకి పూయడం. మళ్ళీ రావడం, మళ్ళీ చూడడం. హాజరు పుస్తకంలో ఎవరేం పని చేస్తారో రాసే గడి ఒకటి ఉండేది. నర్తకి, గుంపు, డూపు, వడ్రంగి, ఇలా. ఈమె ఎదురుగా గుమాస్తా ఒక క్షణం ఆలోచించి "నమూనా" అని రాశాడు. అలా వచ్చింది ఆ పేరు. ఆ గుమాస్తా చేతిరాత చాలా అందంగా ఉండేది.

ఇంకా ఉంది. రంగు సరిగ్గా కుదిరిన రోజు డైరెక్టరు గారు వచ్చి చూసి, "అబ్బే, రెండు మెట్లు దించండి. ఇంత నలుపైతే హీరో ప్రేమిస్తే జనం నమ్మొద్దూ?" అన్నారు. దించారు. అంటే రోజూ పొద్దున అక్క చెయ్యి చూసేవాళ్ళు, చూసి ఇంకేదో రంగు పూసేవాళ్ళు. అయినా చెయ్యి మాత్రం రోజూ కావాలి. పద్ధతి పద్ధతే కదా.

ఇప్పుడు కొండ సంగతి. ఆ సినిమా చూసినవాళ్ళకి గుర్తుంటుంది, కొండపిల్ల అంత ఎత్తునుంచి వాగులోకి దూకుతుంది. హీరోయిన్ దూకదు. దూకమనడమూ న్యాయం కాదు. డూపు కావాలి. అక్కని పిలిచారు. కొండ అంచున నిలబెట్టారు. కెమెరా ఆయన కంటికి అద్దం పెట్టుకొని చూసి, తల అడ్డంగా ఊపి, "రంగు కలవడం లేదు" అన్నారు.

అర్థమైందా? కొండమనిషి కూతురు రంగు, కొండపిల్ల రంగుతో కలవడం లేదు.

మేకప్ పెద్దాయన పళ్ళెం తెచ్చారు. అక్కకి రంగు పూయడం మొదలుపెట్టారు. ఆమె రంగు చూసి కలిపి, రెండు మెట్లు దించి, హీరోయిన్‌కి పూసిన ఆ రంగుని తెచ్చి ఆమెకే పూశారు. నకలుతో కలవడం లేదని నమూనాకి రంగు వేశారు. నేను ఆ రోజు ఫిల్ము డబ్బాలు తీసుకెళ్ళడానికి వచ్చి అక్కడే ఉన్నాను, నా కళ్ళతో చూశాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. గట్టిగానే అడిగింది, రెండు వందల మందీ వినేటట్టు. "నా చెయ్యి చూసి ఆ రంగు కలిపారు. ఇప్పుడు ఆ రంగు తెచ్చి నా చేతికి పూస్తున్నారు. ఇంతకీ ఎవరు ఎవరిలా ఉండాలయ్యా?"

నవ్వారు. రెండు వందల మందిమీ నవ్వాం. అందరికన్నా ఎక్కువ డైరెక్టరు గారు నవ్వి, "ఓహో, నమూనాకి నోరు కూడా ఉందే!" అన్నారు. ఆమె నవ్వలేదు. రంగు పూయించుకుంది. ఎక్కింది, దూకింది. ఒక్క టేకు. కింద రాయి తగిలి మోకాలు చిట్లింది. చివరిదాకా ఆ కాలు కొంచెం ఈడుస్తూనే నడిచింది.

ఎవరూ తప్పుగా భావించలేదా?

ఇదిగో ఈ కాగితం చూడండి. కార్బన్ కాపీ, మడతల దగ్గర చిరిగింది. దూకిన వారానికి అక్క సినిమా కార్మిక సంఘానికి రాసిన ఉత్తరం. తేదీ ఉంది, సినిమా విడుదలకి ఐదు నెలల ముందు. చదువుతాను. "అధ్యక్షుల వారికి. నేను మీ సభ్యురాలిని. నా చేతి రంగు చూసి వేరొకరికి పూశారు. తరువాత అదే నాకు పూశారు. మా కొండవాళ్ళని టార్చిలైటు చూసి దేవుడని సాగిలపడేవాళ్ళలాగా తీస్తున్నారు. మా నాన్న రోజూ మందుగుండు పేలుస్తాడు, టార్చిలైటుకి దండం పెట్టడు. ఇదంతా తప్పు అని నాకు అనిపిస్తోంది. మీకు ఏమనిపిస్తోందో తెలుపగలరు."

జవాబు రాలేదు. ఉత్తరం మీద ఎర్ర పెన్సిల్‌తో, "ఇది మన పరిధిలోకి రాదు, ఫైలు చెయ్యండి" అని రాశారని ఆ ఆఫీసు ప్యూను తర్వాత చెప్పాడు. ఫైలు చేశారు. ఆమె నకలు దాచుకుంది. యాభై ఏడేళ్ళు దాచుకుంది.

అయ్యా, పాత సినిమాల సంఘం పెద్దలారా, "నేటి కొలమానం" అంటున్నారే, ఇది నేటిదా? ఈ తేదీ నేటిదా? కొలబద్ద ఆ రోజే ఉంది. ఆమె చేతిలో ఉంది. ఆ చెయ్యి మనకి రంగు చూసుకోవడానికి పనికొచ్చింది గానీ, కొలుచుకోవడానికి పనికిరాలేదు. "ఆ కాలం అలాంటిది" అంటారు. ఆ కాలంలో ఆమె లేదా? ఆమె ఏ కాలంలో బతికింది? ఆ కాలం అంటే డైరెక్టరు గారూ, నవ్విన రెండు వందల మందీ మాత్రమేనా? దెబ్బ తిన్నవాళ్ళని పక్కన పెట్టి, కొట్టినవాళ్ళని మాత్రం కూర్చోబెట్టి, "అప్పట్లో ఎవరికీ నొప్పి లేదు" అని తీర్మానం రాసుకుంటే అది చరిత్ర అవుతుందా? నాకు చరిత్ర పెద్దగా తెలియదు, అబద్ధం మాత్రం తెలుసు. ముప్పై ఏళ్ళు చీకటి గదిలో పనిచేశాను, దేన్ని ఎలా తెల్లబరుస్తారో నాకు బాగా తెలుసు.

నా వంతు వస్తుందన్నాను. వచ్చింది.

మా పనిలో ఒక తలకిందుల విద్య ఉంది. నెగెటివ్ నుంచి ప్రింటు తీసేటప్పుడు లైటు తగ్గిస్తే బొమ్మ తెల్లబడుతుంది, పెంచితే నల్లబడుతుంది. కొండ సీను ల్యాబ్‌కి వచ్చింది. అంత పూసినా, నీళ్ళలోంచి లేచేసరికి అక్క భుజం మీద రంగు కారిపోయింది. కింద ఆమె ఉంది. తన సొంత భుజం, సొంత మెడ, తడిసి మెరుస్తూ. అబద్ధమెందుకు, సినిమా మొత్తంలో అంత అందమైన షాటు ఇంకోటి లేదు. పైనుంచి మాట వచ్చింది, "డూపు తెలిసిపోతోంది, మూడు నంబర్లు తగ్గించు." తగ్గించాను. నా చేత్తో, ఇదే చేత్తో, పెన్సిల్ తీసుకొని పాత నంబరు కొట్టేసి కొత్తది వేశాను. నురగ తెల్లగా మండిపోయింది, రాళ్ళు పాలిపోయాయి, ఆమె సున్నం కొట్టిన గోడలాగా అయిపోయింది. ఎవరూ కనిపెట్టలేదు. ఒక్కరు తప్ప.

ప్రివ్యూ థియేటర్లో చివరి వరసలో కూర్చుని చూసింది. బయటికొచ్చి మెట్ల మీద నన్ను ఆపింది. "తమ్ముడూ, నన్నేం చేశావురా?" అంది. "పైనుంచి ఆర్డరు అక్కా" అన్నాను. ఆమె నా ముఖం చూసింది. "పూసినవాళ్ళు పూశారు. నీళ్ళు కడిగేశాయి. నీళ్ళకున్న బుద్ధి నీకు లేకపోయిందిరా" అంది. కుంటుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది. నాలుగేళ్ళు నాతో మాట్లాడలేదు. నాలుగేళ్ళ తర్వాత మా ఆవిడకి ఆపరేషన్ జరిగితే, ఎవరు చెప్పారో ఏమో, ఆస్పత్రికి వచ్చి, "ఇంటికి వెళ్ళి స్నానం చేసిరా, కంపు కొడుతున్నావు" అని ఆ మంచం పక్కన కూర్చుంది. క్షమించానని ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు.

కాబట్టి నేను ఎవరినో తిట్టడానికి రాలేదు. మొదటి తిట్టు నాకే. రెండోదాన్నుంచి పంచుకుందాం.

హీరోయిన్ గారి గురించి కూడా ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. చెడ్డమనిషి కాదు. ఆ రంగుకి ఆమెకి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చేవి, దూకిన రోజు అక్కకీ వస్తే తన మందు సీసా ఇచ్చింది. కానీ ఆ వేషానికి ఆమెకి బహుమతి వచ్చింది. వేదిక మీద కన్నీళ్ళు పెట్టుకొని, "నల్లగా ఉండటం ఎంత కష్టమో నాకీ సినిమాతో తెలిసింది" అంది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రేడియోలో విన్న అక్క ఒకే ఒక్క మాట అంది. "పోనీలే, ఆవిడ కష్టం సబ్బుకి పోయింది."

ఇక మూడు నెలల కిందటి సంగతి. సంఘం తరఫున కార్యదర్శి గారు, ఇంకొకరు, మూడు అంతస్తులు ఎక్కి అక్క ఇంటికి వచ్చారు. ఎక్కినందుకు మెచ్చుకోవాలి. టైపు చేసిన ఉత్తరం తెచ్చారు. నేను అక్కడే ఉన్నాను, ఆమె రేడియో బాగుచేస్తున్నాను, అంటే పాడుచేస్తున్నాను. ఉత్తరంలో ఇలా ఉంది. ఆ రోజుల్లో ఎవరికీ దురుద్దేశం లేదు, నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు, ఆ చిత్రంలో పాల్గొనడం నా అదృష్టం. కింద ఆమె సంతకానికి చుక్కలు. అక్క కళ్ళజోడు పెట్టుకొని రెండుసార్లు చదివింది. "ఇది నేను రాశానా? నాకంటే బాగా రాశానే!" అంది. కార్యదర్శి గారు నవ్వారు. "బాబూ, నేను రాసిన ఉత్తరం ఒకటుంది, దానికి ఇంకా జవాబు రాలేదు. అది వచ్చాక దీని సంగతి చూద్దాం" అంది. ఆయన నవ్వడం ఆపారు.

ఇక్కడ మీరు పొరబడకూడదు. ఆ సినిమా వెయ్యొద్దని ఆమె ఎన్నడూ అనలేదు. ఆమె మేనకోడలు, ఇక్కడే ఉంది, టీచరు, ఆ అమ్మాయిది ఇంకో వాదన. "అత్తా, అలాంటి సినిమాని పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలి. పిల్లలకి ఎందుకు చూపించడం?" అంది. అక్కకి కోపం వచ్చింది. "తాళం వేస్తే నేను దూకింది కూడా పెట్టెలోకి పోతుంది కదే! అంత ఎత్తునుంచి దూకాను, మోకాలు పోగొట్టుకున్నాను. వాళ్ళు నన్ను కనబడకుండా చేశారు సరే, నువ్వు కూడానా?" ఆ అమ్మాయి ఏడ్చింది. తర్వాత ఇద్దరూ టీ తాగారు. సినిమా మంచిదే. పాటలు మంచివి, కెమెరా అద్భుతం. అవి ఉన్నాయి కాబట్టి ఇది లేదంటే ఒప్పుకోను. ఇది ఉంది కాబట్టి అవి లేవన్నా ఒప్పుకోను. ఆమె కూడా ఒప్పుకోలేదు. ఆమె అడిగింది చాలా చిన్నది. తప్పు తప్పని రాయండి, నేను ఉన్నానని రాయండి. అంతే.

ఆ రోజు వాళ్ళు వెళ్ళాక, "కార్డు వేస్తే ఇది వెయ్యమను" అని ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసి నాకిచ్చింది. నేను సంఘం ఆఫీసుకి తీసుకెళ్ళాను. "కార్డు అయిపోయిందండీ, డిజైన్ కూడా చేసేశాం" అన్నారు. తర్వాత ఆమె ఆస్పత్రి పాలైంది. ప్రతిసారీ అడిగింది, "వేస్తారటరా?" అని. చూద్దాం అక్కా, చూద్దాం అక్కా అన్నాను. పోయిన మంగళవారం కూడా అడిగింది. బుధవారం అడగలేదు.

అయ్యలారా, అమ్మలారా, ఇప్పుడు ఫొటో.

బల్ల మీద పూలదండ వేసి, ముందు దీపం పెట్టి, మనం అందరం లోపలికి రాగానే తల వంచి నమస్కారం చేశామే, ఆ ఫొటో. సినిమాలో స్టిల్లు. నల్లని అమ్మాయి, చంకలో బుట్ట, నవ్వు. అది అక్క కాదు.

అది హీరోయిన్. రంగు పూసుకున్న హీరోయిన్.

ఎవరూ కావాలని చేసి ఉండరు. ఎవరో పాత ఫొటోల డబ్బా తీసి ఉంటారు, నల్లని ముఖం కోసం వెతికి ఉంటారు, ఒకటి దొరికి ఉంటుంది. సరిపోయింది అనుకొని ఉంటారు. నలభై ఒక్క రోజులు ఈమె చెయ్యి చూసి ఆమెకి పూశారు. కొండ మీద ఆమె రంగు తెచ్చి ఈమెకి పూశారు. ల్యాబ్‌లో నేను తెల్లబరిచాను. ఇప్పుడు, పోయాక, అక్క సంతాప సభలో, ఆమె బల్ల మీద, ఆమె పూలదండలో కూడా ఆవిడే! ఇంకా ఆ కాలం ఆ కాలం అంటారేమిటండీ? నిన్న పెట్టిన ఫొటో ఏ కాలం? దీనికి ఏ కొలమానం వాడమంటారు? యాభై ఏడేళ్ళ తర్వాత ఎవరైనా ఈ సభ గురించి కూడా కార్డు వేస్తారా, "ఆ రోజుల్లో ఎవరూ తప్పుగా భావించలేదు" అని?

భావించాం. రాసుకోండి. ఇవాళ, ఈ హాల్లో, కనీసం ఇద్దరం భావించాం. ఆమె మేనకోడలు, నేను.

కోపంలో గొంతు పెరిగింది. మంచినీళ్ళు తాగుతాను.

ఆ అమ్మాయి సంచిలో ఒక ఫొటో ఉంది. స్టూడియో గేటు ఎదురుగా ఒక ఫొటోల షాపు ఉండేది, అక్కడ తీయించుకున్నది. అప్పుడు అక్కకి ముప్పై ఏళ్ళుంటాయి. కుర్చీ చేతి మీద ఎడమ చెయ్యి పెట్టి కూర్చుంది. ఆ షాపాయన కూడా అలవాటు కొద్దీ తెల్లబరిచే తీశాడు. నెగెటివ్ మాత్రం ఆమె అడిగి తెచ్చుకుంది. నిన్న మధ్యాహ్నం ఆ నెగెటివ్ పట్టుకెళ్ళి, ఈ ఊళ్ళో ఇంకా చీకటి గది ఉంచుకున్న ఒకే ఒక్కాయన్ని బతిమాలి, దగ్గర నిలబడి కొత్త ప్రింటు తీయించాను. ఆయన చెయ్యి అలవాటుగా తగ్గించబోయింది. ఆపాను. ఈసారి ఒక్క నంబరు కూడా తగ్గించలేదు.

కార్యదర్శి గారూ, రెండు కోరికలు. ఒకటి, ఆ పెద్ద ఫొటో దించి ఈ చిన్నది పెట్టండి. రెండోది, ఇదిగో అక్క రాసిన కాగితం. శుక్రవారం మీ కార్డు స్థానంలో వెయ్యమని అడుగుతున్నాను. రెండే వాక్యాలు. "కొండ మీంచి దూకింది నేను. ఆ రంగు నాది కాదు." కింద ఆమె పేరు, హాజరు పుస్తకంలో లేని పేరు. అంత పెద్ద తెర, రెండు వాక్యాలకి చోటుండదా?

ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. వివాదానికి తావు కూడా ఇచ్చాను. ఇక నేను మాట్లాడను. ఫొటో మార్చాక, దయచేసి అందరూ లేచి నిలబడండి. కాళ్ళు సహకరించనివాళ్ళు కూర్చోండి, అక్క ఏమీ అనుకోదు, ఆమెకీ మోకాలు నొప్పే. రెండు నిమిషాలు మౌనంగా ఉందాం. ఆమె అడిగినప్పుడు నవ్వాం కాబట్టి, ఈ రెండు నిమిషాలు ఊరుకొని ఆమె వైపు చూద్దాం.

ఈ ప్రసంగం అచ్చుకి ఇస్తూ కింది నాలుగు మాటలు చేరుస్తున్నాను.

అందరూ లేచి నిలబడ్డారు. కార్యదర్శి గారు పెద్ద ఫొటో దించారు. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. కింద పెట్టడానికి మనసొప్పక, రెండు నిమిషాలూ గుండెల దగ్గర పట్టుకొనే నిలబడ్డారు. మేనకోడలు చిన్న ఫొటోని బల్ల మీద సరిచేసింది. తర్వాత అందరూ కూర్చున్నారు. కార్యదర్శి గారు పెద్ద ఫొటోని గోడకి తిప్పి ఆనించి, నా దగ్గరికి వచ్చి, అక్క రాసిన కాగితం అడిగారు.

ఇచ్చాను.